ముత్తన్న మాఫ్ చెయ్యలేదు

బాలన్న పేరు వింటేనే ముత్తన్నకు ఒళ్లు మండేది. ఇద్దరివీ జగిత్యాల దగ్గర పక్కపక్క ఊళ్లే. గల్ఫ్‌కు కూలిపనికి వచ్చి, కర్జకాన్ క్యాంపులో ఒకే గదిలో ఉండి, ఒకే కూర గిన్నెలో వేళ్లు పెట్టినవాళ్లు. జల్లాఖ్‌లో హోటల్ కడుతున్నప్పుడు స్లాబు ఆరకముందే దాన్ని మోసే కింది జాకీలు తీయించింది బాలన్న. ఒక మూల కుంగి, కింద ఉన్న నేపాలీ కూలీ కాలు విరిగింది. ఇంజినీరు గద్దించి అడిగితే బాలన్న ముత్తన్న వైపు వేలు చూపించాడు. సెంట్రింగ్ మేస్త్రిగా పేరున్న మనిషి చేతికి మరునాడే చీపురిచ్చారు. ముత్తన్న ఎంత మొత్తుకున్నా విన్న నాథుడు లేడు. ఆ రోజే గది మారాడు.

తర్వాత కొన్నాళ్లకు బాలన్న ఏసుప్రభువును నమ్ముకున్నాడని, శుక్రవారాలు మనామాలో ప్రార్థనకు పోతున్నాడని తెలిసింది. అబద్ధమాడిన నోటితోనే దేవుడి పాటలు పాడుతున్నాడని ముత్తన్న మెస్‌లో అందరి ముందూ కాండ్రించి ఉమ్మాడు.

ఒక శుక్రవారం ముత్తన్న బట్టలు ఉతుక్కుంటుండగా బాలన్న ప్రార్థన మధ్యలోంచే లేచి వచ్చాడు. తోటివాడికి నీమీద కోపముంటే దేవుడికి తెచ్చిన కానుక అక్కడే వదిలి, ముందు వాడితో సమాధానపడి రమ్మన్నాడట ఏసు. పాస్టరు ఆ మాట చెబుతుంటే కూర్చోలేకపోయాడట. మాఫ్ చెయ్యమని చేతులు పట్టుకోబోయాడు.

ముత్తన్న తడి చేతులు వెనక్కి లాక్కున్నాడు. "నీ పాపం కడుక్కునేతందుకు నేనేమన్న సబ్బునా? అబద్ధం ఇంజినీర్‌కు చెప్పినవ్. నిజం గూడ ఆయనకే చెప్పుపో."

"చెప్తే నన్ను ఇంటికి తోలుతరే, ముత్తన్నా."

"తోలనియ్."

బాలన్న మరునాడు సైటు ఆఫీసులో అంతా ఒప్పుకున్నాడు. వారం తిరక్కుండానే టికెట్టు చేతిలో పెట్టారు. ముత్తన్న మళ్లీ మేస్త్రి అయ్యాడు.

ఎయిర్‌పోర్టుకు బయల్దేరే ముందు బాలన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముత్తన్న లోపలికి రమ్మనలేదు, మంచినీళ్లయినా ఇవ్వలేదు.

"నిజం చెప్పినవ్, మంచిగ చేసినవ్. గని నా కడుపుల మంట సల్లారలే. ఇగ పో," అన్నాడు.

బాలన్న దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఇంత చేసినా కరగవా అని గదిలో ఉండే భూమేష్ అడిగాడు. ముత్తన్న బూట్ల లేసులు బిగించుకున్నాడు.

"చెయ్యని తప్పుకు సిలువ మోసిండంట గదా ఆ ఏసు. ఆ బాధ నాకెరుకే," అన్నాడు. "మేకులు కొట్టినోళ్లను మాఫ్ చెయ్యమని ఎట్లడిగిండో, అదే నాకు సమజ్ గాదు."

బయట సైటు బస్సు హారన్ కొట్టింది. ముత్తన్న సుత్తి అందుకుని డ్యూటీకి బయల్దేరాడు.