టోపీ మీద ఎడమచెయ్యి

నా చిన్నప్పుడు ఆస్ట్రేలియాలో, టూంగాబీ అనే ఊళ్ళో మా పక్కింట్లో ఒక తెల్ల అంకుల్ ఉండేవారు. పొద్దస్తమానం గులాబీ మొక్కలతోనే ఆయన కాలక్షేపం. గాలి వీచినప్పుడల్లా ఎడమచేత్తో టోపీని నెత్తికి అదుముకునేవారు. వయసులో ఉండగా అమెరికా వెళ్ళి, గుర్రాలూ తుపాకులూ ఉండే కౌబాయ్ సీరియళ్ళలో ఏళ్ళ తరబడి వేషాలు వేశారని అప్పటికి మాకెవరికీ తెలియదు.

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మను కన్న మా తాతయ్య ఇండియాలో పోయారు. టెలిగ్రాం అందేసరికే అన్నీ అయిపోయాయి, మేం వెళ్ళలేదు. ఆయన్ను చివరిసారి చూడలేదు కాబట్టి పోయారంటే నేను నమ్మలేదు. ఎప్పటికైనా తిరిగొస్తారనే అనుకుంటూ ఉండేదాన్ని.

ఒక మధ్యాహ్నం బడినుంచి వచ్చి టీవీ పెడితే పాత కౌబాయ్ సీరియల్ వస్తోంది. తుపాకీ పేలింది. గుర్రం మీది దొంగ ఎడమచేత్తో టోపీ అదుముకుంటూ బోర్లా పడ్డాడు. ముఖం కనబడలేదు గానీ ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. వంటింట్లోకి పరిగెత్తి, "అమ్మా, పక్కింటి అంకుల్ చచ్చిపోయారే!" అని బావురుమన్నాను.

"అయ్యో, పొద్దున్నేగా హలో చెప్పాడు! పాపం, ఆ ఆంటీ..." అంటూ అమ్మ వెనకాముందూ చూడకుండా ఎసరు పెట్టేసింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే అన్నం పట్టుకెళ్ళాలి. మా వైపు అది మర్యాద, ఆస్ట్రేలియా అయితే మాత్రం మానేస్తామా? అన్నమూ పప్పుచారూ క్యారియర్లో సర్ది, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి తలుపు కొట్టింది.

తలుపు తీసింది అంకులే.

అమ్మ కెవ్వుమంది. క్యారియర్ ఆయన పట్టుకోబట్టి సరిపోయింది. నేను ఏడుస్తూనే టీవీలో చూసింది చెబితే విరగబడి నవ్వారు. అన్నం ఎందుకు తెచ్చామో అమ్మ చెప్పాక మాత్రం నవ్వు ఆగిపోయింది. "టీవీలో ఎన్నిసార్లు చచ్చానో! ఒక్కరూ అన్నం తేలేదు," అన్నారు ఇంగ్లీషులో.

తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి తన పనిలో కిటుకు చెప్పారు. చచ్చేటప్పుడు బోర్లా పడాలట. ముఖం కనబడకపోతే, వచ్చేవారం మీసం అతికించి మరో దొంగ వేషానికి మళ్ళీ పిలుస్తారట. నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే మా తాతయ్య కూడా మళ్ళీ వస్తారా?" అని అడిగాను. అమ్మ తల తిప్పుకుంది.

అంకుల్ అబద్ధం చెప్పలేదు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "రారమ్మా. అది టీవీలోనే," అన్నారు. నా ఏడుపు బయటికి రాకముందే, మీ తాత కుర్చీలో ఎలా కూర్చునేవారో చేసి చూపించమన్నారు. భుజం మీద కండువా ఉన్నట్టే తీసి, కుర్చీ దులిపి, మళ్ళీ భుజాన వేసుకుని, "హమ్మయ్య" అంటూ కూలబడ్డాను. తాతయ్యను ఎన్నడూ చూడని ఆ మనిషి వంటింటి తువ్వాలు భుజాన వేసుకుని అచ్చం అలాగే దులిపి, అలాగే కూర్చున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. తాతయ్య పోయాక ఆయన కోసం అమ్మ ఏడవగా నేను చూడటం అదే మొదలు.

అంకుల్ నిజంగా పోయేనాటికి నేను పెళ్ళయి కాన్‌బెర్రాలో ఉంటున్నాను. కబురు తెలిసి వచ్చేసరికి అమ్మ అన్నం వండి ఉంచింది. ఈసారి క్యారియర్ నేనే పట్టుకెళ్ళాను. తలుపు కొట్టి, ఆయనే తీస్తారేమోనని వెర్రిదానిలా నిలబడ్డాను. ఆంటీ తీసింది.

ఆ పాత సీరియళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడూ టీవీలో వస్తుంటాయి. బోర్లా పడ్డవాళ్ళందరిలో ఆయన్ను వెతుక్కుంటాను. ఆ ముఖం ఒక్కసారి చూడాలనుంటుంది, అది మాత్రం దొరకదు. ఆ చెయ్యి దొరుకుతుంది. "హూ ఈజ్ హీ, అమ్మమ్మా?" అంటుంది మా మనవరాలు. చెబితే దానికేం తెలుస్తుంది? మోకాళ్ళు మొరాయిస్తున్నా లేచి, లేని టోపీని ఎడమచేత్తో అదుముకుని, కార్పెట్ మీద మెల్లగా బోర్లా పడతాను. "అమ్మమ్మా, స్టాప్ ఇట్, గెట్ అప్!" అని అది నవ్వుతూ చెయ్యి పట్టుకుని లాగేదాకా లేవను.