ఆగని ఇంజను మోత

తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ వల్ల ఆ మధ్యాహ్నం జనగామలో బస్సుల చప్పుడే లేదు. నేను కంప్యూటర్లో పాతకాలపు విమానం నడిపే ఆట కోసం, కొత్తగా తెప్పించుకున్న లివర్లను ఒక్కొక్కటే సరిచేస్తున్నాను. ఇంధనం ఆపే లివరు వెనక్కి లాగగానే తెరమీద విమానం పంకా ఆగిపోయింది.

మోత మాత్రం ఆగలేదు.

"గా మోత జర బంద్ చెయ్యరాదుర తమ్మీ!" వంటింట్లోంచి అక్క అరిచింది.

"బంద్ చేసిన అక్కా."

స్పీకరు వైరు పీకేశాను. అయినా వినిపిస్తూనే ఉంది. ఇద్దరం డాబా ఎక్కాం. ఆకాశం ఖాళీగా ఉంది. మోత మా నెత్తిమీదుగా నెమ్మదిగా సాగి, చిల్పూర్ వైపు సన్నగిల్లింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పక్క డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్న అవ్వను అడిగాను. "విమానం మోత ఇన్నవా అవ్వా?"

"ఏం మోత బిడ్డా? పొద్దటిసంది పిట్ట గూడ కూస్తలేదు."

కిందికొచ్చి లివర్లు విప్పేశాను. అక్క తలుపులన్నీ మూసింది.