మబ్బు పట్టిన రోజు మీటింగులు

నేను అబద్ధాలకోరునని మా ఇంట్లోవాళ్ళు అంటారు గానీ అది అన్యాయం. ఉన్నదానికి కాస్త గాలి కొడతాను, అంతే. బోగోలు పక్కన మా రేవులో నాన్న వేటకు పోయి మూరెడు వంజరం చేప తెస్తే, మర్నాడు బడిలో దాని తోక ఆటోలో పట్టక బయట వేలాడేది. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎవరికీ నష్టం లేదు. అట్లా అనుకుంటూనే పెద్దవాణ్ణయినాను.

కావలి బస్టాండు వెనక వీడియో గేముల కొట్టు ఒకటి ఉండేది. బడి ఎగ్గొట్టి ఆడీ ఆడీ ఆ మిషన్ మీట నా చేతికి ఆరోవేలయి కూర్చుంది. నేను కాల్చి పడేసిన విమానాలన్నీ సముద్రంలో పడుంటే నాన్న వల వెయ్యడానికి చోటే ఉండేది కాదు. ఒకరోజు ఆయన నా బొటనవేలికి కాసిన కాయ చూసి తన అరచెయ్యి దాని పక్కన పెట్టినాడు.

"ఏందిరా ఇది? నువ్వేం లాగినావు, వలా?"

"విమానం నాయనా."

నాన్న నవ్వలేదు. ఇంకెప్పుడూ నన్ను పడవెక్కమని అడగలేదు.

చదువు సగంలో ఆగినాక కావలి రైల్వే స్టేషను ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో కుదిరినాను. వచ్చినవాళ్ళకు కంప్యూటరు చూపించడం, మిగతా పొద్దంతా నేను ఆడుకోవడం. అక్కడే నాకు కోటల మీద యుద్ధాలు చేసే ఆట ఒకటి, దాన్ని ఆడే తెలుగువాళ్ళ గుంపు ఒకటి దొరికినాయి. చేరగానే ఎవరో అడిగినారు, ఏ ఊరు, ఏం చేస్తుంటారు అని. నా వేళ్ళు నన్ను అడక్కుండానే కొట్టేసినాయి: చెన్నై, సాఫ్ట్‌వేర్, సముద్రానికి ఎదురుగా ఫ్లాటు. సముద్రం ఒక్కటే నిజం.

ఆ గుంపులో నేను రాజుని. నా సేనాపతి హైదరాబాదులో పెద్ద కంపెనీ మేనేజరునని చెప్పుకున్నాయన. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నాలుగేళ్ళు ఇద్దరం కలిసి యుద్ధం చేసినాం. మాటలు మాత్రం వార్తలు చదివేవాళ్ళను మించిపోయేవి.

"రాజు గారూ, శత్రువులు తూర్పు ద్వారం దగ్గరికి చేరుకున్నారండీ."

"గమనిస్తున్నానండీ సేనాపతి గారూ."

ద్వారం విరిగిందా, అంతే.

"యాడ చస్తాండావు రా? రా ఈడికి!"

"వస్తాండా, తాళు!"

కోట నిలబడినాక ఇద్దరం గొంతులు సవరించుకుని మళ్ళీ 'అండీ'ల్లోకి వచ్చేవాళ్ళం. ఆ అరుపుల సంగతి ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

ఆయనకు మీటింగులు ఎక్కువ. ఏనుగులు తలుపు గుద్దుతున్నా సరే, "సారీ అండీ, మీటింగ్" అని మాయమయ్యేవాడు. ఏడాది గడిచేసరికి నాకో సంగతి తెలిసొచ్చింది. మా కావలి మీద మబ్బు పట్టిన రోజే ఆయనకు హైదరాబాదులో మీటింగు. ఎండ కాస్తే మీటింగు లేదు. అంత వాతావరణం తెలిసిన కంపెనీ ప్రపంచంలో ఇంకోటి లేదు.

మా తీరంలో దీనికి అర్థం పసిపిల్లలక్కూడా తెలుసు. మబ్బు కమ్మితే రొయ్యల గుంటల్లో నీళ్ళకు ప్రాణవాయువు తగ్గుతుంది. రొయ్యలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. పగలైనా సరే పరిగెత్తి ఏరియేటర్లు వెయ్యాలి, అవి నీళ్ళను చిలకాలి. ఆయన మైకులో వెనకనించి దబదబదబ ఒక చప్పుడు వచ్చేది. అడిగితే ఆఫీసు ఏసీ అన్నాడు. నీళ్ళు చిమ్మే ఏసీని నేనెక్కడా చూడలేదు. మా సేనాపతి మేనేజరు కాడు, ఇక్కడే మా జిల్లాలో ఏదో గుంట గట్టున రొయ్యలు కాసే మనిషి.

కానీ ఎట్లా అడిగేది? చెన్నై సాఫ్ట్‌వేరు వాడికి ఏరియేటరు చప్పుడు ఎట్లా తెలుసని ఎదురడిగితే? 

ఆయనే ఒకసారి అన్నాడు, "మీ చెన్నైలో మైకులో రైళ్ళ గురించి తెలుగులో భలే చెప్తారండీ" అని.

"ఇక్కడ మనవాళ్ళు ఎక్కువండీ."

"ఆఁ ఆఁ, అవునవును" అని నవ్వినాడు. గెలిచినానని అనుకున్నాను.

ఆ వేసవి చివర్లో ఆయన గొంతు దిగిపోయింది. కోట కాలిపోతున్నా అరవడం లేదు.

"ఆఫీసులో ఒకటే జబ్బండీ" అన్నాడు. "ఒక్కరు కూడా మిగిలేట్టు లేరు."

గుంటకు రోగం తగిలిందని నాకు అర్థమైపోయింది. పొద్దున పోతే గుంటనిండా తెల్లగా తేలి ఉంటాయి. అది చూసిన మనిషి ఎట్లా ఉంటాడో నాకు తెలుసు.

"రాజు గారూ, ఒక్కసారి కలుద్దామండీ. మనసు బాగలేదు. ఎక్కడైనా సరే. మధ్యలో నెల్లూరులో అయినా."

కావలి నుంచి నెల్లూరుకు బస్సులో గంట. నేను చెప్పిన జవాబు ఇదీ: "అయ్యో, ఎల్లుండే సింగపూర్ పోతున్నానండీ. ఏడాది దాకా రాను."

ఏరియేటర్ల చప్పుడులో ఆయన గొంతు సన్నగా వచ్చింది.

"అట్లాగా. జాగ్రత్తగా పోయి రండి."

ఒక బస్సు టికెట్టుకు భయపడి దేశం దాటినవాణ్ణి నేనే అయుంటాను. ఆ అబద్ధం నిలబెట్టడానికి రెండు వారాలు ఆటలోకి పోలేదు. పోయేసరికి ఆయన పేరు పక్కన దీపం ఆరిపోయి ఉంది. రోజూ చూసేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆకుపచ్చగా వెలిగింది. కుర్చీలోంచి ఎగిరినాను. "ఏం సేనాపతీ, మీటింగు ఇప్పటికి అయిపోయిందా?" అని కొట్టినాను. చాలాసేపటికి, ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టినట్టు జవాబు వచ్చింది.

"నేను ఆయన చెల్లెల్ని. అన్న లేడు. వానలో మోటారు వెయ్యబోతే కరెంటు కొట్టింది. మీరు సింగపూర్ రాజుగారేనా? మీకు చెప్పకపోతే అన్న ఊరుకోడనిపించింది."

కొంచెం ఆగి ఇంకోటి. "ఎల్లుండి పెద్దకర్మ. మీరు రాలేరులెండి, అంత దూరం నుంచి."

ఊరు అడిగితే తోటపల్లి గూడూరు పక్కన అని చెప్పింది.

బస్సులో కూర్చుని దారంతా అబద్ధం తయారు చేసుకున్నాను. ఏ విమానం ఎక్కినాను, కిటికీలోంచి ఏం కనబడింది, ఆఫీసులో సెలవు ఎట్లా ఇచ్చినారు, అన్నీ. సిగ్గులేకుండా విమానంలో భోజనం ఏం పెట్టినారో కూడా అనుకున్నాను.

షామియానా కింద వడ్డన జరుగుతా ఉంది. గుమ్మం దగ్గర ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన ఒకమ్మాయి నిలబడుంది. "ఎవరన్నా మీరు?" అంది. ఆ గొంతులో ఆయన గొంతు ఉంది.

విమానం నోటిదాకా వచ్చి ఆగింది.

"మాది కావలి అమ్మా. స్టేషను ఎదురుగా నెట్ సెంటరు. నేనే ఆ… రాజుని."

ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు.

"కావలి ఆయనేనని అన్న ఎప్పుడో చెప్పినాడు. మీ మాటల మధ్యలో స్టేషను మైకులో కావలి పేరు వినిపిస్తాదంట. ఆయనంతట ఆయన చెప్పాల గానీ మనం అడగగూడదు అనేవాడు."

"నాక్కూడా తెలుసమ్మా, మీ అన్న గుంట కాడ ఉన్నాడని."

నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"మరి పిలిచినప్పుడు ఎందుకు రాలేదన్నా?"

ఎంత చిన్నదాన్నయినా కొండంత చెయ్యగల నోరు ఇది. ఆ ప్రశ్నకు మాత్రం చెప్పులు విప్పి గోడవార సర్దినాను.

"కూర్చో అన్నా, తిను" అని ఆ అమ్మాయే విస్తరి వేసింది.

పప్పు కలుపుతుండగా మబ్బు కమ్మింది. నా పక్కనాయన ముద్ద వదిలేసి, చెయ్యన్నా కడుక్కోకుండా గుంటల వైపు పరిగెత్తినాడు. కాసేపటికి దబదబదబ మొదలైంది. మా సేనాపతి వెనక మోగిన చప్పుడును హెడ్‌ఫోన్లు లేకుండా వినడం అదే మొదటిసారి. ఇంటి గోడ అదిరేంత దగ్గర.

మళ్ళీ ఎండ వచ్చింది, చప్పుడు ఆగింది. మీటింగు అయిపోగానే సేనాపతి తిరిగొచ్చి, "ఎంతదాకా వచ్చిందండీ యుద్ధం?" అని అడిగేవాడు. పక్కనాయన తడికాళ్ళతో వచ్చి విస్తరి ముందు కూర్చుని, అన్నం అడిగినాడు. నేను కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయినాను.