బోదె మీద అంబాసిడర్

మాణిక్యం భర్త పేర్రాజు పోయాక వాళ్ళ అంబాసిడర్ కారు ఆరు నెలలు పాకలోనే ఉండిపోయింది. బయటికి తీసిన రోజునే చప్పుడు చేసింది. కూతురు సత్యప్రియ ఇంటర్ చదువు గురించి కనుక్కోవడానికి అమలాపురం వెళ్ళి తిరిగొస్తుంటే, కాలవగట్టు మీద గుంట తగిలినప్పుడల్లా వెనక సీటు కింద టక్కుమని ఇనుము ఇనుముని కొట్టినట్టు మోగింది. ముందు కూర్చున్న బావగారు సత్తిరాజు వెనక్కి తిరిగి చూశాడు. మాణిక్యం తప్పు తనదైనట్టు తల దించుకుంది.

సత్యప్రియకి చిన్నతనంలో పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. ఊళ్ళో బడికైతే చేతికర్రతో నడిచి వెళ్ళింది. అమలాపురం కాలేజీ అలా కాదు. బస్సు మెట్టు ఎక్కలేదు, ఆటోలో కుక్కితే కాలు ముడవలేదు. కారుంటేనే చదువు. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని అందరికీ తెలుసు.

సత్తిరాజు కారుని ముక్తేశ్వరంలో యేసురత్నం షెడ్డుకి పంపించాడు. యేసురత్నం వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చి, తనే తోలి చూసుకుని, చప్పుడు పోయిందన్నాడు. తల్లీకూతుళ్ళు ఎక్కి కూర్చోగానే మళ్ళీ టక్కుమంది. రెండోసారి పంపితే జాకీ వేసి ఎత్తి చూసి, అన్నీ గట్టిగానే ఉన్నాయన్నాడు.

సత్తిరాజు చెడ్డవాడు కాదు. భయస్తుడు. "రోగమేంటో తెలీని కారులో ఆడపిల్లని రోజూ కాలవగట్టు మీద ఎలా పంపుతానమ్మా? విరిగి నీళ్ళలో పడితే ఎవరిది పూచీ?" అన్నాడు అరుగు మీద కూర్చుని. "కారు కొనడానికి కొత్తపేటాయన సోమవారం వస్తానన్నాడు. ఇచ్చేద్దాం. పిల్లచేత ఇంటి దగ్గరే చదివించి ప్రైవేటుగా పరీక్ష కట్టిద్దాం."

మాణిక్యం తలుపు చాటున నిలబడి వింది. ఆ ఇంట్లో కోడళ్ళు బావగారికి ఎదురుపడి మాట్లాడరు. ఏం చెప్పాలన్నా మొగుడిచేత చెప్పించుకోవాలి. చెప్పేవాడు లేడు ఇప్పుడు.

మర్నాడు డ్రైవరు చంటి కారు కడుగుతున్నాడు. పేరు చంటే గాని మీసాలు నెరిసిపోయాయి. మాణిక్యం మొహం చూసి నవ్వించబోయాడు. "మీరెక్కితే ఏడుత్తాదండీ, దిగ్గానే ఊరుకుంటాది. చంటిపిల్లలా చేత్తందండి మీ కారు!"

మాణిక్యం నవ్వలేదు. చేతిలో చెంబు కింద పెట్టింది.

"ఖాళీగా ఓసారి గట్టు చివరిదాకా తోలుకురా."

తోలుకొచ్చాడు. చప్పుడు లేదు. ఈసారి వెనక సీట్లో కొబ్బరికాయల బస్తాలు వేయించి, తను గట్టు పక్కన నిలబడింది. గుంటలో దిగగానే ఎడమ చక్రం దగ్గర టక్కుమంది. బస్తాలన్నీ కుడివైపుకి జరిపిస్తే చప్పుడు సన్నగిల్లింది. ఎడమవైపుకి నెట్టిస్తే గట్టిగా మోగింది.

"కాయలు మొయ్యలేక చత్తన్నానండీ," అన్నాడు చంటి.

"కాసేపు ఓర్చుకో. యేసురత్నాన్ని పిలుచుకురా."

యేసురత్నం వచ్చి చేతులు కట్టుకుని విన్నాడు. "జాకీ వేసి చూసేనండీ. ఎక్కడా వదులు లేదండి."

"నమిలితే నొప్పెట్టే పన్ను, ఊరికే నోరు తెరిచి చూస్తే తెలుస్తుందా? జాకీ వేస్తే చక్రం వేళ్ళాడుతుంది. బరువంతా మీదుండగా కింద నుంచి చూడాలి."

"ఆయ్, నిజమేనండి. కానీ కిందికెళ్ళాలంటే గొయ్యుండాలండీ. మన నేలలో గొయ్యి తవ్వితే నీళ్ళూరిపోవండీ? అందుకే షెడ్డులో తవ్వలేదండి."

మాణిక్యం వీధి వైపు చెయ్యి చూపించింది. వాళ్ళ ఇంట్లోకి కారు రావాలంటే పొలాలకి నీళ్ళు పారే బోదె దాటాలి. ఒక్కో చక్రానికి రెండేసి తాటి దూలాలు వేసి ఉన్నాయి, మధ్యంతా ఖాళీ. వేసవికి కాలవలు కట్టేశారు. బోదె ఎండి నెర్రెలు విచ్చి ఉంది.

"అదేగా మీ గొయ్యి."

కారు వెనక చక్రాల్ని దూలాల మీద ఆపారు. కాయలు ఎక్కించి, ఎడమవైపు మాణిక్యమే ఎక్కి కూర్చుంది. యేసురత్నం బోదెలో దిగి వెల్లకిలా పడుకున్నాడు. చంటి వెనక నుంచి కారుని కిందికి నొక్కి వదిలాడు. టక్. మళ్ళీ నొక్కాడు. టక్.

"ఆగండాగండి! దొరికేడండీ దొంగ!" కింద నుంచి కేక.

ఎడమవైపు కారు బరువు మోసే కమానుకట్ట కొసని చట్రానికి పట్టి ఉంచే బిళ్ళలో, ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండాల్సిన రబ్బరు బుష్షు పొడి పొడి అయిపోయింది. జాకీ వేసినప్పుడు ఇనుము ఎడంగా జరిగిపోతోంది. బరువు పడితేనే తగులుతోంది.

యేసురత్నం అమలాపురం నుంచి కొత్త బుష్షు తెచ్చాడు. ఆదివారం పొద్దున్న కారెత్తి, సబ్బునీళ్ళు రాసి బుష్షు ఎక్కించి, మళ్ళీ దూలాల మీదికి దింపించాడు. "అమ్మగారండీ, మీరు మళ్ళీ కూర్చోవాలండి. బరువు మీద బిగిస్తేనే రబ్బరు మెలి పడదండి." ఎండ మాడుస్తున్నా, నట్టు బిగించి చెప్పేదాకా మాణిక్యం దిగలేదు.

సోమవారం కొత్తపేటాయన వచ్చాడు. సత్తిరాజు తాళాలు తెమ్మని పిల్లని పిలిచాడు. మాణిక్యమే తెచ్చింది. తలుపు దాటి, అరుగు మీదికి వచ్చి నిలబడింది.

"బావగారండీ, ముందు మీరు వెనక సీట్లో కూర్చుని గట్టు చివరిదాకా వెళ్ళి రండి. చప్పుడొస్తే ఇచ్చేయండి. రాకపోతే మాత్రం ఇవ్వనండి."

సత్తిరాజు లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళి వెనక ఎడమవైపు కూర్చున్నాడు. పక్కన సత్యప్రియ, ఆ పక్కన మాణిక్యం. గుంటల్లో చంటి కావాలనే తొక్కించాడు. టైర్ల కింద మట్టి నలిగింది, అంతే.

తిరిగొచ్చాక సత్తిరాజు కొత్తపేటాయన ముందు చేతులు జోడించాడు. "ఏవనుకోకండి, ఊరికే తిప్పేను మిమ్మల్ని. కారు పిల్ల కాలేజీకి కావాలండి."

మాణిక్యం వచ్చినాయనకి మజ్జిగ ఇచ్చి, చంటిని పక్కకి పిలిచింది.

"కుడివైపు బుష్షూ ఆనాటిదే కదా? రేపు యేసురత్నాన్ని మళ్ళీ రమ్మను. కాలవకి నీళ్ళు వదిలితే ఇక కుదరదు."

"మళ్ళీ కాయలు మొయ్యాలాండీ?"

"మొయ్యాలి," అంది మాణిక్యం.