ఒక్కసారి మోగి ఆగితే

బొంబాయిలో మేముండే చాలీలో నాలుగంతస్తుల గదులకీ కలిపి ఒక్కటే ఫోను. కింద కిరాణా కొట్లో, పప్పు డబ్బాల పక్కన ఉండేది. నా గది దానికి ఎదురుగానే. మా ఆయన పరంజా మీదనుంచి పడి చనిపోయాక, ఆ గదిలోనే జొన్నరొట్టెలు కాల్చి పాలమూరు కూలీలకు అన్నం పెట్టి బతికాను.

ఆ రోజుల్లో కామాటిపురాలో మావాళ్లకు ఫోనంటే మాట్లాడేది కాదు, మోగించేది. స్టేషన్ దగ్గరి ఎర్ర డబ్బా ఫోనులో, ఇవతల ఎత్తాకే రూపాయి వేయాలి, ఉత్తగా మోగిస్తే పైసా పోదు. అందుకని రెండుసార్లు మోగి ఆగితే ఒకామె మొగుడు డ్యూటీ దిగినట్టు. మూడుసార్లయితే ధారావిలో ఇంకొకరి చెల్లెలు క్షేమంగా ఉన్నట్టు. తొందరపడి ఎత్తినవాళ్లను చాలీ అంతా తిట్టేది.

ఫోరస్ రోడ్డు ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లలో ఒకడు నా దగ్గర తినేవాడు. ఇరవై దాటినవాడు. మేనమామ వెంట బిల్డింగు పనికొచ్చి, అతనితో కొట్లాడి రోడ్డున పడ్డాడు. గర్దు అనే మత్తుపొడి అక్కడే అలవాటైంది. వెండి కాగితం మీద ఆ పొడి కాల్చి పొగ పీల్చేవాళ్లు. మానేస్తానని ఒకరోజు నా గడపలో కూర్చున్నాడు.

“పొద్దు వాలితే కాళ్లు ఆడికే గుంజుతయి, పెద్దమ్మా.”

“గుంజితే ముందుగాల డబ్బా కాడికి పో. బాగుంటే ఒక్కపాలి మోగిచ్చి పెట్టెయ్, రొట్టె ఏస్త. మనసు గుంజితే ఇడువకుండ మోగియ్, ఎత్తుత. జేబుల రూపాయి ఉంచుకో.”

“ఎత్తి ఏం మాట్లాడ్తవు?”

“తిడ్త. నాకు ఇంకేం వస్తది?”

నవ్వాడు. ఆ వానాకాలమంతా రోజూ మోగించాడు. వాణ్ని చూసి వాడి జతగాడు కూడా మానేసి మోగించడం మొదలుపెట్టాడు. ఒకరోజు జతగాడి ఫోను రాలేదు. మానినవాడు మళ్లీ పాత లెక్కన పీలిస్తే ఒళ్లు తట్టుకోదట. మర్నాడు పొద్దున్నే శవాన్ని మునిసిపాలిటీ బండిలో తీసుకుపోయారు.

ఆ సాయంత్రమే ఫోను ఒక్కసారి మోగి ఆగింది. హమ్మయ్య అనుకుని పెనం మీద రొట్టె వేశాను. మళ్లీ ఒక్కసారి మోగి ఆగింది. కాసేపటికి మళ్లీ. బాగున్నవాడు ఆ మాట ఒక్కసారి చెబితే చాలు కదా, ఇన్నిసార్లు ఎందుకు చెబుతాడు? పిండి చేతులతోనే కొట్లోకి ఉరికాను.

కొట్టాయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. “ఎత్తకు వదినె! ఎవనిదో ఏమో, ఖాళీపీలీ రూపాయి పోతది.”

పైనుంచి ఒకామె వంగి అరిచింది. “మా ఆయనది గాదు, మాది రెండు!”

“చెయ్యి తియ్ సేటూ. నీ ఫోనుకు పిండి అంటితే నేనే కడుగుత.”

మళ్లీ మోగింది. ఆయన చెయ్యి తోసేసి ఎత్తాను. అవతల గోల. “పెద్దమ్మా...” అన్న గొంతు వాడిదే. వాడు రూపాయి వేసేలోపే తెగిపోయింది.

చెప్పులు కూడా వేసుకోలేదు. గ్రాంట్ రోడ్ స్టేషన్ దాకా ఎట్లా పోయానో నాకే తెలియదు. డబ్బా దగ్గర వాడు రిసీవరు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. వెనక లైన్లో వాళ్లు గుంజుతున్నారు. వాడు నంబరు తిప్పడం, మా కొట్లో ఒక్కసారి మోగగానే వెనకవాడు చెయ్యి చాపి కొక్కెం నొక్కి లైను తెంపేయడం, ఇదీ జరిగింది. విడవకుండా మోగించాలని వాడు చూస్తే, నాకు మాత్రం బాగున్నానన్న గుర్తే అందింది.

“తుఝ్యా బాపాచా ఫోన్ ఆహే కా?” అని మరాఠీలో అరుస్తూ ఒకడు వాడి భుజం మీద గుద్దాడు.

“వీని బాపుది గాదురా, నాది! చెయ్యి తియ్!” అన్నాను. గుద్దినవాడికి తెలుగు అర్థం కాకపోయినా చెయ్యి తీశాడు.

“ఇడిస్తే ఆడికే పోత, పెద్దమ్మా,” అన్నాడు మావాడు. పళ్లు కొట్టుకుంటున్నాయి. రూపాయి ఇంకా పిడికిట్లోనే ఉంది.

వేళ్లు ఒక్కొక్కటే విప్పి, రిసీవరు కొక్కేనికి తగిలించి, వాడి మణికట్టు పట్టుకున్నాను. తిరిగి వచ్చే దారిలోనే పొడి అమ్మే సందు. అమ్మేవాడు బీడీ కాలుస్తూ మమ్మల్నే చూస్తున్నాడు. అక్కడికి రాగానే మావాడి చెయ్యి అటు గుంజింది. అప్పుడు లంకించుకున్నాను తిట్లు. వాణ్ని, వాడి మేనమామని, పోయిన ఆ జతగాణ్ని, మా ఆయన్ని కూడా వదల్లేదు. రోడ్డు మీద జనం నిలబడి చూశారు. ఆ సందు దాటేదాకా నేను నోరు మూయలేదు, వాడి చెయ్యి వదల్లేదు.