రాజీ భోజనం

నా చిన్నప్పుడు మా ఊరికి బస్సు వచ్చేది. ఉదయగిరి నుంచి కలిగిరి పోయే బస్సు వరికుంటపాడు దాటాక మా ఊళ్లోకి తిరిగి, మనుషుల్ని దించి మళ్లీ రోడ్డెక్కేది. మా బడి అయ్యవారు రోజూ ఆ బస్సులోనే వచ్చేవారు. మంగళవారం సూదిమందు వేసే నర్సమ్మ వచ్చేది. ఊరికి ఉత్తరాన మా పాలెం, అందులో ఒక చిన్న చర్చి. పెద్దవాళ్లంతా ఊళ్లో రైతుల చేలల్లో పనికి పోయేవాళ్లు. పొద్దు పొడిచినట్టే బస్సూ వస్తుందనుకునేదాన్ని నేను. అది ఆగిపోగలదన్న ఆలోచనే లేదు.

ఊళ్లో రెండు పెద్ద ఇళ్లుండేవి. పైఇల్లు, కిందిల్లు అనేవాళ్లం. ఒకరికొకరు పిల్లల్ని ఇచ్చిపుచ్చుకున్న చుట్టాలే. ఊళ్లోకి తారురోడ్డు వేస్తారన్నప్పుడు, అది ఎవరి వాకిలి ముందు నుంచి పోవాలన్న దగ్గర వాళ్లకు చెడింది. మొదట మాటలు, తర్వాత కర్రలు. ఒకరోజు రాళ్లు విసురుకుంటుంటే బస్సు మధ్యలో చిక్కుకుంది. అద్దాలు పగిలాయి, డ్రైవరు తల చిట్లింది. ఆ మర్నాటి నుంచి బస్సు రాలేదు. బస్సు లేకపోతే అయ్యవారూ లేరు, నర్సమ్మా లేదు. నెల తిరక్కుండా అయ్యవారు బదిలీ చేయించుకున్నారని తెలిసింది. ఆయన్ని తప్పుపట్టలేను. ఆయనకూ పిల్లలున్నారు.

నిజం చెప్పాలంటే దెబ్బలు ఆ రెండిళ్లకూ తగిలాయి. పైఇంటివాళ్ల గడ్డివాములు రెండు కాలిపోయాయి. కిందింటి పెద్దకొడుక్కి చెయ్యి విరిగింది. కానీ వారం తిరిగేసరికి పైఇంటికి వియ్యంకుల ఊరి నుంచి బండ్లమీద గడ్డి వచ్చింది. విరిగిన చేతికి నెల్లూరులో కట్టు కట్టించారు. రెండిళ్ల పిల్లలూ ఆత్మకూరులో చుట్టాల ఇళ్లలో ఉండి చదువుకున్నారు. మాకు మాత్రం పని పోయింది. వాళ్ల చేలో పనిచేస్తే మా గడప తొక్కొద్దని వీళ్లు, వీళ్ల చేలోకి పోతే మా బావి దగ్గరికి రావద్దని వాళ్లు. వేరుశనక్కాయ భూమిలోనే మొలకెత్తిపోతుంటే మేం ఇళ్లలో గంజి తాగుతూ కూర్చున్నాం.

ఆ రోజుల్లోనే అవ్వ చిన్నకూతురు, మా పిన్నికి నొప్పులు వచ్చాయి. మా అవ్వ పాలెంలో ఎందరికో పురుడు పోసిన మనిషి. పిన్ని కడుపుమీద చెయ్యి వేసి చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, ఇది నా చేతిలో లేదు, ఆస్పత్రికి పోవాల అంది. నన్ను వెంటబెట్టుకుని పైఇంటికి పోయింది. అక్కడ ట్రాక్టరు ఉంది.

"మీ అల్లుడు కిందింటోళ్ల మనిషి గదా. ఆడనే అడుగు పో" అన్నారు వాళ్లు. తగువుకు ముందు పిన్ని మొగుడు కిందింట్లో జీతగాడు.

కిందింటికి పోతే, వాళ్ల జీపు కోర్టు వాయిదాకని నెల్లూరు పోయిందన్నారు. అది అబద్ధం కాదు. నిజంగానే పోయింది.

పిన్నిని నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు మోశారు. మిట్టమధ్యాహ్నం. నేను చెంబుతో నీళ్లు పట్టుకుని పక్కన పరిగెత్తాను. ఉదయగిరి కొండ కనబడుతూనే ఉంది గానీ దగ్గరికి రాలేదు. దారిలో ఒక వేపచెట్టు కింద మంచం దించారు. అవ్వ ఎంతో పెనుగులాడి బిడ్డను బయటికి తీసింది. ఆడపిల్ల. పిన్ని ఆ బిడ్డ ఏడుపు విన్నదో లేదో నాకు తెలియదు.

ఎండాకాలం పోయాక చుట్టుపక్కల ఊళ్ల పెద్దలొచ్చి రెండిళ్లకూ రాజీ చేశారు. రోడ్డు రెండు వాకిళ్ల ముందు నుంచీ చుట్టి వచ్చేట్టు ఒప్పుకున్నారు. అంత సులువుగా తేలిపోయింది. అందుకని ఊరందరికీ భోజనాలు పెట్టారు. అవ్వ పసిబిడ్డను చంకన వేసుకుని, నన్ను తీసుకుని పోయింది. పందిట్లో రెండిళ్ల పెద్దలూ పక్కపక్కన కూర్చుని తింటున్నారు, ఒకరి ఆకులోకి ఒకరు వడ్డించమంటున్నారు. అవ్వ వాళ్ల ముందుకు పోయి నిలబడింది.

"అయ్యా, మీ తగువు తీరిపోయినాది. సంతోషం. బస్సు ఎప్పుడొస్తాది?"

పైఇంటి పెద్దాయన తలెత్తి చూశాడు. "వస్తాదిలే అవ్వా. ముందు కూర్చోని తిను."

"నర్సమ్మ?"

పెద్దాయన తల దించి అన్నం కలుపుకున్నాడు. అవ్వ చంకలో బిడ్డవైపు ఎవరూ చూడలేదు. అవ్వ కూర్చోలేదు. నాకు మాత్రం ఆకు వేయించి, "నువ్వు తిను" అంది. నేను తిన్నాను. ఎన్నాళ్లకో దొరికిన వరన్నం. రెండోసారి పెట్టించుకున్నాను.

ఇంటికి వస్తూ అడిగాను. వాళ్లకూ వాములు కాలాయి గదా, చెయ్యి విరిగింది గదా, మరి మనకే ఎందుకిట్లా అయిందని. అవ్వ నడుస్తూనే చెప్పింది.

"వాళ్లకి ఒకటి పోతే ఇంకోటి ఉండాదిమే. అదీ పోతే అడిగేదానికి చుట్టాలుండారు. మనకి ఉండేదే ఒకటి. అదీ మనది కాదు."

మా ఊరికి మళ్లీ బస్సు వచ్చేనాటికి నేను పెద్దమనిషినయ్యాను. బడికి కొత్త అయ్యవారు రావడానికి రెండేళ్లు పట్టింది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల అప్పటికే మేకలకు పోతోంది, తిరిగి రాలేదు. నన్ను ఆత్మకూరులో హాస్టల్లో చేర్చారు కాబట్టి చదువుకున్నాను, సోషల్ టీచరునయ్యాను. యుద్ధం జరిగితే పేద దేశాలు ఎందుకు తొందరగా కోలుకోలేవని పాఠంలో ప్రశ్న ఉండేది. ఒక్క పంట మీద బతికే దేశం, ఒక్క రేవు ఉన్న దేశం, ఉన్న కాసిని డాక్టర్లూ వలసపోయిన దేశం. ఇవన్నీ బోర్డు మీద రాసేదాన్ని. పిల్లలు రాసుకుని మార్కులు తెచ్చుకునేవాళ్లు.

పిన్ని కూతురిని అవ్వ పెంచింది. అవ్వకు చూపు తగ్గాక, ఆ పిల్ల బడికి పోవాల్సిన వయసులో ఇంటిపని చేసింది. ఇప్పుడు భర్త లేడు, నా దగ్గరే ఉంటుంది. ఇద్దరం కూర్చుని టీవీ చూస్తాం. మొన్న వార్తల్లో, ఏళ్ల తరబడి యుద్ధం చేసిన ఇద్దరు నాయకులు నవ్వుతూ చేతులు కలుపుకున్నారు. కూలిన ఊళ్లను ఒక్క నిమిషం చూపించి, క్రికెట్‌లోకి వెళ్లిపోయారు.

"అయిపోయినాదంటనా అక్కా యుద్ధం?" అని అడిగింది.

"చేతులు కలుపుకున్నారు" అన్నాను. యుద్ధమైనా తగువైనా, అయిపోయింది అన్న మాట ఆ భోజనం తిన్న రోజు నుంచి నా నోటికి రాదు.