వేర్లు తీయని తొట్టి

ఉదయం ఆరూ ఇరవైకి కొళాయిలో నీళ్లు వచ్చాయి. తొరపాడిలో మా వీధికి రోజు విడిచి రోజు వస్తాయి. ఆ నీళ్లతోనే మా ఆయన మేడ మీద కొబ్బరి పొట్టు కడిగేవారు. ఆ రోజు నేను బిందె నింపుకుని కొళాయి కట్టేశాను.

ఆయన మేస్త్రీ. మోకాళ్లు అరిగి పరంజా ఎక్కలేకపోయాక మట్టి లేకుండా ఆకుకూరలు పెంచడం మొదలుపెట్టారు. తొట్లలో కొబ్బరి పొట్టు, గొట్టాల్లో కాల్చిన మట్టి గుండ్లు, మోటారుతో తిరిగే ఎరువు నీళ్లు. పంట అయిపోయాక పొట్టులోంచి వేర్లన్నీ ఏరి, ఉప్పు వదిలేదాకా కడిగి, ఇసుక జల్లెడ మీద ఆరబెట్టేవారు. వేరు ముక్క మిగిలిపోతే అది కుళ్లి తర్వాతి నారును చంపుతుందని చెప్పేవారు.

మట్టి గుండ్లను మళ్లీ వాడే ముందు పాత డేగిశాలో ఉడకబెట్టేవారు. అరవంలో రాయిని అన్నట్టు వాటిని ‘కల్లు’ అనేవారు, నాకూ అదే అలవాటైంది. ఒకసారి కడప నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి బావ ఏం చేస్తున్నాడని అడిగింది.

“మేడ మింద కల్లు ఉడకబెడతా ఉండాడు” అన్నాను.

“తాగడు గదక్కా, కాచేది ఎప్పుడు నేర్చినాడు?”

ఆయన పోయాక మోటారు ఆపేశాను. నేను కొళాయి కట్టేసిన ఆ ఉదయమే గుడియాత్తం నుంచి మా మరిది చిన్న వ్యాను తీసుకుని వచ్చాడు. అతనికి మోర్ధానా కాలువ కింద కొబ్బరి తోట ఉంది.

“కల్లు నాకియ్యి వదినా. కొత్త బాత్రూము నేల కింద గుంతలో జల్లి రాళ్లకి బదులు పోస్తా, స్లాబు మీద బరువుండదు. పొట్టు టెంకాయ చెట్లకి” అన్నాడు.

అన్నీ దించాడు. చివరి తొట్టి మీద చెయ్యి వేస్తే ఆపాను. ఆయన ఆఖరున వేసిన పాలకూర అందులోది. ఆకులు ఎండి రాలిపోయాయి. వేర్లు మాత్రం పొట్టును పట్టుకుని ఉన్నాయి.

“ఇది ఉండనీ నాయనా. కడిగి నేనే విత్తనాలు ఏసుకుంటా.”

“కడగల్లంటే వేర్లు పెరకల్ల గదా. పెరుకుతావా?”

నేను తొట్టిలో రాలిన ఎండాకులు ఏరసాగాను.

“మా తోటలో అయితే పెరికే పని లేదు. చెట్టు మొదట్లో ఎట్లుండేది అట్లే పూడ్చేస్తా.”

ఉంచుకోవాలంటే ఆ వేర్లను నా చేత్తో ఒక్కొక్కటీ లాగి పారెయ్యాలి. ఇచ్చేస్తే అవి అలాగే ఉంటాయి, నాకు మాత్రం కనబడవు. నేనే తొట్టికి ఒక పక్క పట్టుకున్నాను.

“నేరుగా పట్టు వదినా. మేస్త్రీ పెండ్లామువి, ఇన్నేండ్లకీ తట్ట మొయ్యను రాలేదే.”

మెట్లు దిగేటప్పుడు పొట్టు చిందకుండా చూసుకున్నాను. వ్యాను వీధి మలుపు తిరిగాక పైకి వెళ్లి చీపురుతో ఊడ్చాను.

మా మేడ మీద ఇప్పుడు ఏమీ పెంచడం లేదు.